పెద్దపేగు తీసేయాలన్నారా? అల్సరేటివ్ కొలైటిస్ ఆపరేషన్‌కి ఎలా సిద్ధపడాలి

"బ్యాగ్ జీవితాంతం ఉంటుందా?" "ఇంకో ఆరు నెలలు మందులతో లాగలేమా?" "పెళ్లి కావాల్సిన పిల్ల, ఇప్పుడెలా?" పెద్దపేగు లోపలి పొర వాచి పుండ్లు పడే జబ్బు అల్సరేటివ్ కొలైటిస్‌కి సర్జన్ దగ్గరికి వెళ్లమని రాసివ్వగానే ఇంటిల్లిపాదీ అడిగేవి ఇవే. సర్జికల్ గ్యాస్ట్రో వార్డులో స్టోమా (మలం బయటికి రావడానికి పొట్ట మీద పెట్టే పేగు ద్వారం, దాని మీద అంటించేదే బ్యాగ్) పని చూసే నర్సుని కాబట్టి ఇవే జవాబులు మంచం మంచానికీ చెబుతుంటాను. ఇక్కడ వరసగా రాస్తున్నాను. ఇది చదివి డాక్టర్‌ని అడగండి. ఇది చదివి మందులు మార్చుకోకండి.

ఒక సంగతి మొదట్లోనే చెప్పేస్తాను. ఏ ఆపరేషన్ జరుగుతుందన్నది మీ ఇష్టం కన్నా, మీరు ఏ స్థితిలో థియేటర్‌కి వెళ్తారన్నదాని మీదే ఎక్కువ ఆధారపడుతుంది. రక్తం పడిపోయి, కండ కరిగిపోయి, రాత్రికి రాత్రి ఎమర్జెన్సీలో చేరినవాళ్లకి ఎంచుకోవడానికి పెద్దగా ఏమీ మిగలదు. తేదీ పెట్టుకుని నడిచి వచ్చినవాళ్లకి దారులు ఎక్కువ.

ముందుగా దగ్గర పెట్టుకోవాల్సినవి

- కొలొనోస్కోపీ (గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష) రిపోర్టులన్నీ, ఫోటోలతో సహా. పాతవి పారేయకండి.
- బయాప్సీ (పేగు ముక్క తీసి చేసే పరీక్ష) రిపోర్టులు. వీలైతే స్లైడ్లు, బ్లాకులు కూడా. అడిగితే ల్యాబ్ ఇస్తుంది.
- వాడిన మందుల పట్టీ. ముఖ్యంగా స్టిరాయిడ్ ఎన్ని మిల్లీగ్రాములు, ఎప్పటి నుంచి అన్నది.
- ఈ మధ్యే చేయించిన హిమోగ్లోబిన్, సీఆర్‌పీ (ఒంట్లో వాపు చూపే పరీక్ష), ఆల్బుమిన్ (రక్తంలోని ప్రొటీన్), పొటాషియం, లివర్ పరీక్షలు.
- ఒక నోట్‌బుక్. రోజుకి ఎన్నిసార్లు వెళ్లారు, రక్తం పడిందా, రాత్రి ఎన్నిసార్లు లేచారు అన్నవి రాసుకోవడానికి.
- తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రలో ఎన్టీఆర్ వైద్య సేవ వర్తిస్తే ఆ కార్డు, ఆధార్. నెట్‌వర్క్ ఆసుపత్రిలో ఉండే ఆరోగ్యమిత్రని అడ్మిషన్‌కి ముందే కలవండి. ప్రైవేటు ఇన్సూరెన్స్ అయితే ముందస్తు అనుమతికి టైమ్ పడుతుంది.
- మీతో పాటు బ్యాగ్ మార్చడం నేర్చుకునే మనిషి ఒకరు. మొహమాటపడే అన్నయ్య కన్నా ధైర్యంగా చేయి పెట్టే మేనత్త మేలు.

1. జబ్బు పేరు ఖాయం చేసుకోండి

అల్సరేటివ్ కొలైటిస్ మలద్వారం పక్కనున్న రెక్టం దగ్గర మొదలై, మధ్యలో ఖాళీ లేకుండా పైకి పాకుతుంది. పెద్దపేగు దాటి పోదు. అందుకే పెద్దపేగు, రెక్టం పూర్తిగా తీసేస్తే పేగు జబ్బు అక్కడితో ఆగుతుంది. క్రోన్స్ అనే ఇంకో పేగు జబ్బు అలా కాదు. నోటి నుంచి మలద్వారం దాకా ఎక్కడైనా రావచ్చు, ఒకచోట కోసి తీస్తే ఇంకోచోట మళ్లీ రావచ్చు. ఈ ఒక్క తేడాతో ఆపరేషన్ మొత్తం మారిపోతుంది.

మన దగ్గర ఇంకో రెండు చిక్కులున్నాయి. పేగు టీబీ అచ్చం క్రోన్స్‌లా కనిపిస్తుంది. అమీబా వల్ల వచ్చే పుండ్లు కొలైటిస్‌లా కనిపిస్తాయి, వాటి మీద స్టిరాయిడ్ పడితే పరిస్థితి ముదురుతుంది. కాబట్టి సర్జన్‌ని కలిసేముందు ఈ మూడూ అడగండి: బయాప్సీని పేగు జబ్బులు బాగా చూసే పాథాలజిస్ట్ ఇంకొకరు చూశారా? మలంలో సి.డిఫిసైల్ అనే బ్యాక్టీరియా పరీక్ష చేశారా? మందులు పనిచేయకపోవడానికి సీఎంవీ వైరస్ కారణం కాదని బయాప్సీలో తేల్చారా? ఈ ఇన్‌ఫెక్షన్లకి చికిత్స చేశాక ఆపరేషన్ వాయిదా పడినవాళ్లు ఉన్నారు.

రిపోర్టులో "ఏదో తేల్చలేకపోతున్నాం" అన్న అర్థం వచ్చేలా రాసుంటే దాన్ని దాచకండి. పౌచ్ (చిన్నపేగుతో లోపల కుట్టే సంచి) వేయాలా వద్దా అన్న నిర్ణయానికి అదే కీలకం.

2. తొందర ఎంత ఉందో తెలుసుకోండి

*ఈ రోజే ఆసుపత్రికి వెళ్లాల్సిన స్థితి:* రోజుకి 6 లేదా అంతకన్నా ఎక్కువ రక్త విరేచనాలు, వాటితో పాటు వీటిలో ఏ ఒక్కటైనా ఉంటే: నాడి నిమిషానికి 90 దాటడం, 100 డిగ్రీల ఫారన్‌హీట్ పైన జ్వరం, హిమోగ్లోబిన్ 10.5 కన్నా తక్కువ, ఈఎస్ఆర్ (వాపు చూపే ఇంకో రక్త పరీక్ష) 30 కన్నా ఎక్కువ. 1950లలో ట్రూలవ్, విట్స్ అనే ఇద్దరు డాక్టర్లు పెట్టిన కొలత ఇది, ఇప్పటికీ వార్డుల్లో ఇదే నడుస్తోంది.

అడ్మిట్ చేసి నరానికి స్టిరాయిడ్ ఇస్తారు. మూడో రోజు లెక్క చూస్తారు. అప్పటికీ రోజుకి 8 సార్లు దాటి వెళ్తుంటే, లేదా 3 నుంచి 8 సార్లే అయినా సీఆర్‌పీ 45 దాటి ఉంటే స్టిరాయిడ్ ఒక్కదానితో పని కాదని అర్థం. అప్పుడు ఇన్‌ఫ్లిక్సిమాబ్ లేదా సైక్లోస్పోరిన్ అనే మందు ప్రయత్నిస్తారు. అదీ కొన్ని రోజుల్లో పనిచేయకపోతే ఆపరేషనే. మూడో రోజున సర్జన్ వచ్చి పలకరిస్తే "అప్పుడే కోస్తారా" అని కంగారుపడకండి. అది మంచి ఆసుపత్రి లక్షణం.

ఇక్కడ ఇంటివాళ్లు ఎక్కువగా మోసపోయే చోటు ఒకటుంది. విరేచనాలు ఉన్నట్టుండి తగ్గి, పొట్ట మాత్రం ఉబ్బుతుంది. "హమ్మయ్య, తగ్గింది" అనుకుంటారు. పేగు కదలిక ఆగి సాగిపోతున్నా అలాగే ఉంటుంది. ఎక్స్‌రేలో అడ్డ పెద్దపేగు వెడల్పు 6 సెంటీమీటర్ల దాకా వచ్చిందంటే పగిలే ప్రమాదం ఉంది. స్టిరాయిడ్ మీద ఉన్నవాళ్లకి పేగు పగిలినా నొప్పి అంతగా తెలియకపోవచ్చు. పొట్ట ఉబ్బు, నాడి వేగం, నీరసం ఈ మూడూ కలిసి కనిపిస్తే రాత్రి రెండైనా డ్యూటీ డాక్టర్‌ని పిలవండి.

ఇంకో హెచ్చరిక. ఈ దశలో విరేచనాలు ఆపడానికి లోపరమైడ్ బిళ్లలు, ఒళ్లు నొప్పులకి డైక్లోఫెనాక్ లాంటివి మెడికల్ షాపులో కొని వేసుకోకండి.

*వారాలు, నెలల టైమ్ ఉన్న స్థితి:* స్టిరాయిడ్ తగ్గించగానే జబ్బు తిరగబెడుతూ ఉంటే, ఇన్‌ఫ్లిక్సిమాబ్ లాంటి బయోలాజిక్ మందులు మార్చినా ఫలితం లేకపోతే, లేదా బయాప్సీలో క్యాన్సర్‌కి ముందు వచ్చే మార్పులు కనిపిస్తే. జబ్బు మొదలై 8 ఏళ్లు దాటినవాళ్లకి నిఘా కొలొనోస్కోపీ చేయించమనేది ఈ మార్పులు పట్టుకోవడానికే. నా మటుకు నేను ఎవరికైనా చెప్పేది ఒకటే, ఈ దశలోనే సర్జన్‌ని ఒకసారి కలిసి రండి. కలిసినంత మాత్రాన కోసేయరు.

3. ఏ ఆపరేషన్ ఎవరికి

*పెద్దపేగు తీసి, రెక్టం ఉంచి, పొట్ట మీద ఇలియోస్టమీ పెట్టడం.* ఎమర్జెన్సీలో దాదాపు అందరికీ ఇదే. చిన్నపేగు చివరని పొట్ట కుడివైపు బయటికి తెస్తారు. "ఎలాగూ కోస్తున్నారు కదా, మొత్తం ఒకేసారి చేసి బ్యాగ్ లేకుండా పంపండి" అని సర్జన్‌ని బతిమాలే బంధువు ప్రతి వార్డులో ఒకరుంటారు. స్టిరాయిడ్ ఎక్కువ డోసులో ఉన్నప్పుడు, ఒంట్లో ప్రొటీన్ లేనప్పుడు కుట్లు సరిగ్గా అతకవు. కటి (పొత్తికడుపు కింది భాగం) లోపల కుట్టు లీకైతే ప్రాణం మీదికి వస్తుంది. బతికి కోలుకోవడం మొదటి మెట్టు, మిగతాది తర్వాత.

*పెద్దపేగు, రెక్టం తీసి, చిన్నపేగుతో లోపల సంచి కుట్టడం.* దీన్నే జె-పౌచ్ అంటారు. చిన్నపేగు చివరి 30 నుంచి 40 సెంటీమీటర్లని మడిచి, జె అక్షరంలా కుట్టి, మలద్వారానికి కలుపుతారు. లండన్‌లోని సెయింట్ మార్క్స్ ఆసుపత్రిలో పార్క్స్, నికల్స్ 1978లో ఈ తరహా పౌచ్ గురించి రాశారు. జె ఆకారం ఆ తర్వాత జపాన్ సర్జన్ ఉత్సునోమియా తెచ్చింది. దీన్ని రెండు మెట్లలో లేదా మూడు మెట్లలో చేస్తారు. రెండు మెట్లయితే మొదటి ఆపరేషన్‌లోనే పౌచ్ కుట్టి, అది మానేదాకా తాత్కాలిక బ్యాగ్ పెట్టి, తర్వాత మూసేస్తారు. మూడు మెట్లయితే మొదట పెద్దపేగు, కొన్ని నెలలకి పౌచ్, చివర బ్యాగ్ మూయడం. ఒళ్లు నీరసంగా ఉన్నవాళ్లకి మూడు మెట్లే క్షేమం.

పౌచ్ గురించి ఉన్నదున్నట్టు చెప్పాలి. మామూలు మనిషిలా రోజుకొకసారి అవదు. కుదుటపడ్డాక కూడా పగలు 4 నుంచి 8 సార్లు, రాత్రి ఒకటి రెండుసార్లు వెళ్లాల్సి రావచ్చు. తేడా ఏంటంటే పరుగెత్తాల్సిన పనుండదు, కాసేపు ఆపుకోగలరు. దాదాపు సగం మందికి ఎప్పుడో ఒకప్పుడు పౌచ్ వాపు వస్తుంది, ఎక్కువమందికి యాంటీబయాటిక్‌తో తగ్గుతుంది. కొద్దిమందికి, నూటికి 5 నుంచి 10 మందికి, చివరికి పౌచ్ పనిచేయక మళ్లీ బ్యాగ్‌కి రావాల్సి వస్తుంది.

*పెద్దపేగు, రెక్టం, మలద్వారం అన్నీ తీసి శాశ్వత ఇలియోస్టమీ.* బ్యాగ్ ఎప్పటికీ ఉంటుంది. దీన్ని ఓటమిలా చూస్తారు జనం. నేను అలా చూడను. ఒక్క ఆపరేషన్‌తో అయిపోతుంది, పౌచ్ బాధలుండవు. మలద్వారం బిగువు తగ్గినవాళ్లకి, వయసు పైబడినవాళ్లకి, రెక్టంలో క్యాన్సర్ ఉన్నవాళ్లకి, పొద్దస్తమానం బస్సు నడిపే డ్రైవర్ లాంటివాళ్లకి ఇదే సుఖం కావచ్చు.

*రెక్టం ఉంచి చిన్నపేగుని దానికే కలపడం.* రెక్టంలో జబ్బు బాగా తక్కువున్న కొద్దిమందికే. ఉంచిన రెక్టాన్ని ఏటా స్కోప్‌తో చూస్తూ ఉండాలి.

*పెద్దపేగు క్రోన్స్ అయితే:* ఒక ముక్కే చెడితే ఆ ముక్క తీసి కలపవచ్చు. ఎక్కువ భాగం చెడి, మలద్వారం చుట్టూ ఫిస్టులాలు (చీము కారే దారులు) కూడా ఉంటే అన్నీ తీసి శాశ్వత బ్యాగ్. పేగుకి విశ్రాంతి కోసం తాత్కాలిక బ్యాగ్ మాత్రమే పెట్టడం కూడా ఉంది. పౌచ్ మామూలుగా వేయరు. సిగరెట్ తాగేవాళ్లలో క్రోన్స్ తిరగబెట్టడం ఎక్కువ, కాబట్టి మానడం కూడా చికిత్సలో భాగమే.

పిల్లలు కావాలనుకునే ఆడవాళ్లు ఇక్కడ ఆగి చదవండి. పౌచ్ కోసం కటి లోపల కోసి కుట్టినప్పుడు అండవాహికలు చుట్టుపక్కల కణజాలానికి అతుక్కుపోయి గర్భం రావడం కష్టం కావచ్చు. చిన్న రంధ్రాలతో చేసే ల్యాపరోస్కోపీలో ఈ ఇబ్బంది తక్కువ. పెద్దపేగు మాత్రం తీయించుకుని, బ్యాగ్‌తోనే పిల్లల్ని కని, ఆ తర్వాత పౌచ్‌కి వచ్చేవాళ్లున్నారు. ఇది అడగడానికి సిగ్గుపడి, అత్తగారి ముందు నోరు విప్పలేక ఊరుకుంటారు. డాక్టర్‌తో ఒంటరిగా మాట్లాడాలని మాకు చెప్పండి, ఏర్పాటు చేస్తాం. మగవాళ్లకి రెక్టం తీసేటప్పుడు అంగస్తంభన నరాలకి దెబ్బ తగిలే అవకాశం తక్కువే అయినా ఉంది. అదీ అడిగి తెలుసుకోవాల్సిందే.

4. సర్జన్‌ని అడగాల్సినవి, కాగితం మీద రాసుకుని

మీరు ఏటా ఎన్ని పౌచ్‌లు వేస్తారు? నాకు ఎన్ని మెట్లు, మధ్య ఎంత గడువు? ల్యాపరోస్కోపీ కుదురుతుందా? కుట్టు లీకైతే ఏం చేస్తారు? మీ దగ్గర స్టోమా నర్సు ఉన్నారా?

మొదటి ప్రశ్నకి మొహం చిట్లించే సర్జన్ దగ్గర పౌచ్ వేయించుకోవద్దనే అంటాను. పెద్దపేగు తీయడం చాలామంది సర్జన్లు చేయగలరు. పౌచ్ అలా కాదు, చేయి తిరిగినవాళ్లే చేయాలి. ఎమర్జెన్సీలో పెద్దపేగు మీ జిల్లా కేంద్రంలో తీయించుకుని, పౌచ్‌కి మాత్రం సర్జికల్ గ్యాస్ట్రో విభాగమున్న పెద్ద ఆసుపత్రికి, ఉదాహరణకి హైదరాబాద్‌లోని నిమ్స్, ఉస్మానియా లాంటి చోటికి రావడం తెలివైన పని.

5. ఒంటిని సిద్ధం చేసుకోండి

- *స్టిరాయిడ్:* రోజుకి 20 మిల్లీగ్రాములు, అంతకు మించి ప్రెడ్నిసొలోన్ ఆరు వారాలు దాటి వాడి ఉంటే ఆపరేషన్ ఇబ్బందులు పెరుగుతాయి. టైమ్ ఉంటే డాక్టర్ మెల్లగా తగ్గిస్తారు. "ఆపరేషన్ ఉంది కదా" అని మీరే ఆపేయకండి, బీపీ పడిపోతుంది. చాలాకాలం వాడినట్టు మత్తు డాక్టర్‌కి తప్పకుండా చెప్పండి.
- *రక్తం:* హిమోగ్లోబిన్ తక్కువుంటే ఐరన్ నరానికి ఎక్కించుకోవడం మేలు. మండుతున్న పేగుకి ఐరన్ బిళ్లలు పడవు.
- *తిండి:* గుడ్డు, చేప, పెరుగు, మెత్తటి పప్పు, డాక్టర్ చెప్పిన ప్రొటీన్ పొడి. "పేగుకి విశ్రాంతి" అని రోజుల తరబడి గంజితో ఉండిపోయేవాళ్లే ఆపరేషన్ తర్వాత ఎక్కువ ఇబ్బంది పడతారు.
- *రక్తం గడ్డలు:* ఈ జబ్బులో కాళ్ల నరాల్లో గడ్డలు కట్టడం ఎక్కువ. ఆసుపత్రిలో పొట్టకి హెపారిన్ సూది ఇస్తారు. "మలంలో రక్తం పోతుంటే రక్తం పలచబడే సూది ఏంటి" అని వద్దనకండి. ఒక పిక్క వాచి నొప్పి పుట్టినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా వెంటనే చెప్పండి.

6. పొట్ట మీద గుర్తు పెట్టించుకోండి

ఈ మొత్తంలో మీ చేతిలో ఉన్న అతి ముఖ్యమైన పని ఇదే. గుర్తు లేకుండా థియేటర్‌కి వెళ్తే, పడుకున్న పొట్ట మీద సర్జన్ అంచనాగా పెడతారు. లేచి కూర్చున్నాక ఆ చోటు మడతలోకి పోతుంది. బ్యాగ్‌ని చర్మానికి పట్టి ఉంచే ప్లేటు అంటదు, రోజూ లీకే, చర్మమంతా పుండే.

మీరు మామూలుగా కట్టుకునే బట్టల్లో రండి. చీర కట్టేవాళ్లు పావడాతో, పంచె లేదా లుంగీ కట్టేవాళ్లు దానితో, ప్యాంటువాళ్లు బెల్టుతో. తర్వాత:

1. పడుకుని తల కొద్దిగా ఎత్తండి. బొడ్డు పక్కన నిలువు కండరం బిగుస్తుంది. గుర్తు ఆ కండరం మీదే పడాలి.
2. కుర్చీలో కూర్చోండి. మడతలు ఎక్కడ పడుతున్నాయో నర్సు చూస్తుంది.
3. నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చోండి. పూజకీ భోజనానికీ నేల మీద కూర్చునేవాళ్లకి ఇది తప్పనిసరి. అడగకపోయినా మీరే చేసి చూపించండి.
4. నిలబడండి, ముందుకి వంగండి.
5. పావడా బొందు, లుంగీ ముడి, బెల్టు పడే గీతకి దూరంగా, పాత కుట్లకీ బొడ్డుకీ ఎముకకీ దూరంగా చోటు తేల్చండి.
6. తల వంచి చూస్తే ఆ చోటు మీ కళ్లకి కనిపించాలి. పొట్ట ఉన్నవాళ్లకి కింద పెడితే కనపడదు, కొంచెం పైన పెట్టాలి.

చెరగని మార్కర్‌తో గుర్తు పెడతారు, కుదిరితే రెండు చోట్ల. స్నానం చేసినా పోకుండా పైన పారదర్శకమైన ప్లాస్టర్ వేయించుకోండి.

ఎలా సరిచూసుకోవాలి? ఖాళీ బ్యాగ్‌లో కొంచెం నీళ్లు పోసి ఆ గుర్తు మీద అంటించుకుని ఒక పూట తిరగండి. కూర్చోండి, లేవండి, పడుకోండి. ప్లేటు అంచు లేస్తుంటే ఆపరేషన్‌కి ముందే చెప్పండి. మీ ఆసుపత్రిలో స్టోమా నర్సు లేకపోతే సర్జన్‌నే అడగండి, "నన్ను కూర్చోబెట్టి గుర్తు పెట్టండి సార్" అని. ఎమర్జెన్సీ అయినా దీనికి పది నిమిషాలు దొరుకుతాయి.

7. ఆసుపత్రిలో మొదటి రోజులు

స్టోమా ఎర్రగా, తడిగా, పెదవి లోపలి చర్మంలా ఉండాలి. మొదట్లో వాచి ఉంటుంది, ఆరు నుంచి ఎనిమిది వారాల్లో చిన్నదవుతుంది. తుడిస్తే చుక్క రక్తం రావడం మామూలే. ముదురు ఊదా, నలుపు రంగుకి తిరిగితే మాత్రం ఒక్క గంట కూడా ఆగొద్దు. ముట్టుకుంటే నొప్పి తెలియదు, దానికి ఆ నరాలు లేవు. అందుకే బెల్టు ఒరుసుకుంటున్నా తెలియదు, కళ్లతోనే చూసుకోవాలి.

రెక్టం ఉంచినవాళ్లకి మలద్వారం నుంచి జిగురు, ఒక్కోసారి కొద్దిగా రక్తం వస్తుంది. "పేగు తీసేశారు కదా, ఇదెక్కడిది?" అని హడలిపోతారు. ఉంచిన రెక్టం దాని పని అది చేస్తోంది, అంతే. జ్వరం, చీము వాసన, కింది పొట్టలో నొప్పి తోడైతే చెప్పాలి.

డిశ్చార్జ్‌కి ముందు మీరు గానీ మీతో ఉన్నవాళ్లు గానీ మా ముందు రెండుసార్లు బ్యాగ్ స్వయంగా మార్చాలి. చూడటం వేరు, చేయడం వేరు.

8. బ్యాగ్ మార్చడం

పొద్దున్నే, ఏమీ తినకముందు మార్చండి. అప్పుడు పేగు నెమ్మదిగా ఉంటుంది.

1. కొత్త ప్లేటు, కొలత కార్డు, కత్తెర, మెత్తటి నూలు గుడ్డ, గోరువెచ్చటి నీళ్లు, చెత్త కవరు పక్కన పెట్టుకోండి.
2. బ్యాగ్ ఖాళీ చేసి, ఒక చేత్తో చర్మాన్ని అదిమిపట్టి ప్లేటుని పైనుంచి కిందికి మెల్లగా ఒలవండి. లాగొద్దు.
3. నీళ్లతో కడిగి అద్ది ఆరనివ్వండి. డెట్టాల్, స్పిరిట్ వద్దు. కొబ్బరినూనె అసలే వద్దు. చర్మం మంటగా ఉందని నూనె రాసి, ప్లేటు అంటక, లీకై, మంట పెరిగి, ఇంకా నూనె రాస్తారు.
4. స్టోమాని కొలవండి. రంధ్రం దానికన్నా 2 నుంచి 3 మిల్లీమీటర్లు మాత్రమే పెద్దగా కత్తిరించండి. మొదటి రెండు నెలలు ప్రతిసారీ కొలవాలి. ఆసుపత్రిలో కత్తిరించిన సైజునే కొనసాగించడం అందరూ చేసే తప్పు.
5. అంటించాక అరచేయి పెట్టి ఒకటి రెండు నిమిషాలు వెచ్చగా అదమండి.

బ్యాగ్ మూడో వంతు నిండగానే ఖాళీ చేయండి. ప్లేటు మూడు నాలుగు రోజులు నిలవాలి. మే నెలలో చెమటకి అంతకన్నా ముందే లేస్తుంది, అప్పటికి రెండు మూడు ఎక్కువ తెచ్చిపెట్టుకోండి. ఎండలో ఆగిన కారులో వదిలేస్తే జిగురు కరిగిపోతుంది.

ఫలితం ఎలా ఉందో తీసిన ప్లేటు వెనక చూడండి. జిగురు అన్నివైపులా సమంగా తెల్లబడితే బాగుంది. ఒకవైపే కరిగి, దారి చేసుకుని మలం పాకితే ఆ వైపు మడత ఉన్నట్టు, అక్కడ పేస్టు లేదా రింగు పెట్టాలి. చర్మం ఎర్రబడి తడిగా ఉంటే రంధ్రం పెద్దదైనట్టు. స్నానం చేయొచ్చు. దేవుడి గదిలోకీ వెళ్లొచ్చు, ఈ ప్రశ్న అడగకుండా ఇంటికి వెళ్లేవాళ్లు తక్కువ.

9. నీళ్లు, ఉప్పు, తిండి

ఇలియోస్టమీవాళ్లు మళ్లీ ఆసుపత్రిలో చేరడానికి పెద్ద కారణం ఒళ్లు ఎండిపోవడం. పెద్దపేగు పనే నీళ్లూ ఉప్పూ పీల్చుకోవడం. అది లేదు. కుదుటపడ్డాక రోజుకి 500 నుంచి 800 మిల్లీలీటర్లు బ్యాగ్‌లోకి వస్తుంది. మొదటి నెలలో కొలత జగ్గుతో కొలిచి రాయండి. 1500 దాటితే డాక్టర్‌కి ఫోన్ చేయండి. మూత్రం తగ్గి ముదురు పసుపు రావడం, లేచి నిలబడగానే కళ్లు తిరగడం, పిక్కలు పట్టేయడం కూడా అదే సూచన.

ఇక్కడే అందరూ తలకిందులుగా చేస్తారు. దాహం వేస్తోందని చెంబులకొద్దీ మంచినీళ్లు తాగుతారు. ఉప్పు లేని నీళ్లు పేగులోంచి ఒంట్లోని ఉప్పుని లాక్కుని బ్యాగ్‌లో పడతాయి. ఎంత తాగితే అంత ఎండిపోతారు. కొబ్బరినీళ్లలో సోడియం తక్కువ, గ్లూకోజ్ పొడిలో ఉప్పు చాలదు, రెండూ సరిపోవు. కావాల్సింది ఓఆర్ఎస్. ప్యాకెట్ 1 లీటరుకా, 200 మిల్లీలీటర్లకా అన్నది చదివి కలపండి. అట్టపెట్టెల్లో తియ్యగా అమ్మేవి వేరు. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్లపాటు పోరాడాక, 2025 అక్టోబర్‌లో కేంద్ర ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆ పానీయాల మీద ఓఆర్ఎస్ అన్న పేరు వాడొద్దంది. ప్యాకెట్ మీద డబ్ల్యూహెచ్ఓ ఫార్ములా అని ఉందో లేదో చూడండి. దొరక్కపోతే సెయింట్ మార్క్స్ ఆసుపత్రి పద్ధతి: 1 లీటరు నీళ్లలో గ్లూకోజ్ 20 గ్రాములు, ఉప్పు 3.5 గ్రాములు, వంటసోడా 2.5 గ్రాములు, చెంచా లెక్క కాకుండా తూచి. బీపీ, గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లు ముందు డాక్టర్‌ని అడగాలి.

ఉప్పు వేసిన మజ్జిగ, గంజి, మెత్తటి అన్నం, అరటిపండు, సగ్గుబియ్యం బ్యాగ్‌లోకి వచ్చేదాన్ని చిక్కబరుస్తాయి. మొదటి ఆరు నుంచి ఎనిమిది వారాలు పీచు ఎక్కువున్నవి ఆపండి: ములక్కాడ, తేగలు, పచ్చికొబ్బరి, మొక్కజొన్న, పుట్టగొడుగులు, పనస, తోటకూర కాడలు. తర్వాత ఒక్కొక్కటే, బాగా నమిలి మొదలెట్టండి. ఇప్పుడు మాత్రం డాక్టర్ రాస్తే లోపరమైడ్ భోజనానికి అరగంట ముందు వేసుకోవచ్చు. పెద్దపేగు ఉన్నప్పటి ప్రమాదం వేరు, ఇప్పుడు వేరు. మెల్లగా కరిగే రకం బిళ్లలు కరగకుండానే బ్యాగ్‌లో కనిపిస్తే డాక్టర్‌కి చెప్పి మార్పించుకోండి.

నాలుగైదు గంటలుగా బ్యాగ్‌లోకి ఏమీ రాక, మెలిపెట్టే నొప్పి వస్తుంటే ఏదో అడ్డుపడి ఉండొచ్చు. గట్టి తిండి ఆపి, గోరువెచ్చటి నీళ్లు గుటకలుగా తాగి, మోకాళ్లు ఛాతీకి ముడుచుకుని పక్కకి పడుకోండి. వాంతి అయినా, పొట్ట ఉబ్బినా, స్టోమా వాచినా ఆసుపత్రికే. విరేచనం అయ్యేలా చేసే మందు మింగొద్దు.

10. బ్యాగ్ మూశాక, పౌచ్‌తో

పౌచ్ మానిందో లేదో ముందు మందు ఎక్కించి ఎక్స్‌రేలో చూస్తారు. మామూలుగా రెండు మూడు నెలల తర్వాత బ్యాగ్ మూస్తారు. మొదటి వారాల్లో రోజుకి 10, 15 సార్లు వెళ్లడం చూసి "దీనికన్నా బ్యాగే నయం" అని ఏడ్చేవాళ్లున్నారు. పౌచ్ సాగడానికి ఆరు నెలల నుంచి ఏడాది పడుతుంది. మలద్వారం మండకుండా జింక్ ఆక్సైడ్ క్రీమ్ మొదటి రోజు నుంచే రాయండి. పేపర్‌తో రుద్దకండి, నీళ్లతో కడిగి అద్దండి. మలద్వారం బిగించి వదిలే వ్యాయామం బ్యాగ్ ఉన్నప్పటి నుంచే మొదలెట్టండి.

కుదుటపడ్డాక మళ్లీ లెక్క పెరిగి, ఆపుకోలేకపోవడం, పొత్తికడుపు నొప్పి, జ్వరం వస్తే పౌచ్ వాపు అనుకోవచ్చు. సిప్రోఫ్లోక్సాసిన్ లేదా మెట్రోనిడజోల్ రెండు వారాలిస్తారు. ఇంట్లో మిగిలిన పాత స్టిరాయిడ్ బిళ్లలు తీసి వేసుకోకండి. లివర్‌లో పీఎస్‌సీ అనే జబ్బు కూడా ఉన్నవాళ్లకి ఈ వాపు ఎక్కువగా వస్తుంది, పెద్దపేగు తీసినంత మాత్రాన ఆ లివర్ జబ్బు పోదు. వెన్నెముక బిగుసుకుపోయే నొప్పీ అంతే.

ఇక మొదటి ఆపరేషన్ తర్వాత బాగున్నామని అక్కడే ఆగిపోయేవాళ్ల కోసం. పౌచ్ వద్దనుకుని, బ్యాగ్‌తో హాయిగా ఉంటున్నా ఫర్వాలేదు. కానీ లోపల రెక్టం మిగిలి ఉంటే జబ్బూ, క్యాన్సర్ అవకాశమూ అక్కడ మిగిలే ఉంటాయి. డిశ్చార్జ్ కాగితంలో "రెక్టం ఉంచాం" అని ఉందో లేదో ఇప్పుడే తీసి చూడండి. ఉంటే దాన్ని ఎన్నాళ్లకొకసారి స్కోప్‌తో చూడాలో, ఎప్పటికి తీయించుకోవాలో వచ్చే చెకప్‌లో తేదీతో సహా రాయించుకోండి.